మ్యాపు అంచున చిన్న అక్షరాలు

ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో నేను కొన్ని వేల మ్యాపులు గీశాను. వాటిలో జనం నిజంగా చూసింది ఒక్కటే. అదీ నేను చూపించింది కాదు, దానంతట అది వాళ్ల ఫోన్లలోకి పోయింది. దాన్ని చూసి ఒక మధ్యాహ్నమంతా ఎంతమంది భయపడ్డారో నాకు తెలియదు. ఆ తప్పులో పెద్ద వాటా నాది. చదువుకో, ఉద్యోగానికో కొత్తగా జర్మనీ వచ్చిన పిల్లలు "ఆంటీ, మీరేం జాబ్ చేసేవారు?" అని అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నమే. అందుకే అది మీకు చెప్పాలని కూర్చున్నాను.

విశాఖలో వాతావరణ శాస్త్రం చదివి, పరిశోధన కోసం ఇక్కడికి వచ్చి, స్టుట్‌గార్ట్ శివార్లలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో చేరాను. ఎక్కడైనా అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగి రేడియోధార్మిక పదార్థం గాలిలో కలిస్తే అది ఏ వైపు పోతుంది, ఏ ఊరికి ఎన్ని గంటలకు చేరుతుంది, ఎక్కడ వానతో పాటు నేల మీదికి దిగుతుంది అన్నది కంప్యూటర్‌లో లెక్క కట్టడం నా పని. "ఇక్కడ రియాక్టర్లన్నీ మూసేశారు కదా, ఇంకా ఆ పని దేనికి?" అని అడుగుతారు. సరిహద్దు అవతల నడుస్తున్నవి ఉన్నాయి. అటు నుంచి గాలి ఇటు వీస్తుంది. అంతే.

లెక్క ఒక్కటీ చాలదు, కొలత కావాలి. ఈ దేశంలో ఊళ్ల చివర గడ్డిలో, ఫైర్ స్టేషన్ల వెనక, నడుం ఎత్తున సన్నని గొట్టాలు నిలబెట్టి ఉంటాయి, వాటిని ప్రోబ్‌లు అంటారు. మీరు చూసే ఉంటారు, ఏమిటో తెలిసి ఉండదు. గాలిలో, నేల మీద ఉన్న రేడియేషన్‌ను అవి ఆగకుండా కొలుస్తుంటాయి. ఆ అంకెలు ఎవరైనా ఫోన్‌లో చూసుకోవచ్చు. ఈ సంగతి కథకు అవసరం.

ఆఫీసులో నాకు దగ్గరి మనిషి కొలతల విభాగంలో పనిచేసే ఒకావిడ. అప్పటి తూర్పు జర్మనీలో, కెమ్నిట్జ్ దగ్గర పల్లెలో పుట్టి పెరిగింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన ఏడాది ఆమెకు ఎనిమిదేళ్లు. ఆ వసంతంలో వాళ్ల ఊరి కొట్లో ఎన్నడూ లేనన్ని ఆకుకూరలు వచ్చాయట. రేడియేషన్ భయంతో పశ్చిమ జర్మనీ కొనకుండా వదిలేసిన సరుకు అదని పెద్దవాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లమ్మ సంతోషంగా రోజూ వండి పెట్టిందట. "మాకు జబ్బేమీ చేయలేదు. కానీ మా అమ్మ ఆ తర్వాత రేడియోలో ఎవరేం చెప్పినా నమ్మడం మానేసింది, వాతావరణ వార్తలతో సహా" అనేది. మా మోడళ్ల మీద ఆమెకు పెద్ద గురి లేదు. "నువ్వు గీసింది బొమ్మ. నేను కొలిచింది అంకె" అని నన్ను ఏడిపించేది.

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఆకులు రాలే కాలంలో, ఒక పెద్ద విన్యాసం ఏర్పాటు చేశారు. జర్మన్‌లో దాన్ని ఊబుంగ్ అంటారు. అంటే సాధన, ఉత్తుత్తి ప్రమాదం. సరిహద్దు అవతల ఒక రియాక్టర్‌లో ప్రమాదం జరిగినట్టు అనుకుని, మా ఆఫీసు, జిల్లా కార్యాలయాలు, ఫైర్ స్టేషన్లు అందరూ ఎవరి పని వాళ్లు చేసి చూపించాలి. ప్రమాదం ఉత్తుత్తిదే గాని వాతావరణం మాత్రం ఆ రోజుదే వాడాలని నిర్ణయించారు. అలా అడిగింది నేనే. నిజమైన గాలి, నిజమైన వాన మీద మా మోడల్ ఎలా పనిచేస్తుందో చూడాలని నాకు ఆశ.

ముందు రోజు మ్యాపు నమూనా చూపిస్తే కొలతల విభాగం ఆవిడ అంది. "ఊబుంగ్ అన్న మాట ఎక్కడుంది?"

"కింద, అంచున. చూడు."

"చీమ తలకాయంత ఉంది. బొమ్మకు అడ్డంగా, పెద్దక్షరాలతో రాయి."

"అలా రాస్తే గీతలు కనపడవు" అన్నాను.

నిజం చెప్పాలంటే మ్యాపు అందం చెడిపోతుందని నా బాధ. పసుపు నుంచి నారింజకు, నారింజ నుంచి ఎరుపుకు రంగులు అంత నున్నగా మారేలా చేయడానికి నాకు వారం పట్టింది. దాని మీద అడ్డంగా రాత రాయడానికి చేతులు రాలేదు.

మర్నాడు పొద్దున పది దాటాక మ్యాపు పంపించాను. పడమటి నుంచి వచ్చే వాన మధ్యాహ్నానికి స్టుట్‌గార్ట్ దక్షిణాన పడుతుందని, మా ఉత్తుత్తి మేఘం అక్కడ కిందికి దిగుతుందని అందులో ఉంది. అక్కడి బ్యోబ్లింగెన్ ఊరి చుట్టుపక్కల ఎర్రగా వచ్చింది. పన్నెండుకి వాన పడింది, సరిగ్గా మేం గీసిన చోటే. నేను సంబరపడ్డాను. బాస్‌ను పిలిచి మరీ చూపించాను. ఆయన ఉత్తర జర్మనీ మనిషి, మాటలు తక్కువ. "బాగుంది" అన్నాడు. ఆయన నోట అది పెద్ద పొగడ్త.

పన్నెండున్నరకు నా సొంత ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అక్కా, మీరు రేడియేషన్ ఆఫీసుల చేస్తరంట కదా? మా ఫ్రెండ్ నంబర్ ఇచ్చింది. మేము బ్యోబ్లింగెన్ల ఉంటం, మాది కరీంనగర్. గా మ్యాప్ నిజమేనా అక్కా? మా ఏరియా మొత్తం రెడ్ ఉన్నది."

ఏ మ్యాపు అన్నాను. వాట్సాప్‌లో పంపింది. నా మ్యాపే. నా రంగులే. కింద ఊబుంగ్ అన్న మాట మాత్రం కనపడటం లేదు.

"నాకు ఆరో నెల నడుస్తుంది అక్కా. మా ఆయన ఆఫీసుల ఉన్నడు, లిఫ్ట్ చేస్తలేడు. పాప కీటాల, గదే డేకేర్ల ఉన్నది. రేడియేషన్ వస్తే ఏసుకునే అయోడిన్ ట్యాబ్లెట్లు ఎప్పుడో తెచ్చిపెట్టినం, చేతులనే ఉన్నయి. ఏసుకోమంటరా?"

"వద్దమ్మా, వేసుకోవద్దు. అధికారులు చెప్తే తప్ప అవి వేసుకోకూడదు. ఆ మ్యాపు గీసింది నేనే. అది ఊబుంగ్ కోసం గీసింది, ఉత్తుత్తిది. ఎక్కడా ఏ ప్రమాదమూ జరగలేదు."

ఆమె వెంటనే ఊపిరి పీల్చుకుంటుందని అనుకున్నాను. కాని ఆమె చదువుకున్న పిల్ల, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం.

"మరి వెబ్‌సైట్‌ల అంకె ఎందుకు పెరిగింది అక్కా? మా ఊరి ప్రోబ్ పొద్దటికీ ఇప్పటికీ డబుల్ అయింది. అది గూడ ఊబుంగేనా? ఫుట్‌బాల్ గ్రౌండ్ల తెల్ల సూట్లు ఏసుకొని ఎవరో తిరుగుతున్నరు, ఫొటోలు వచ్చినయి."

నేను కంప్యూటర్ వైపు తిరిగి అంకెలు తెరిచాను. ఆమె చెప్పింది నిజం. బ్యోబ్లింగెన్ ప్రోబ్ దాదాపు రెట్టింపు చూపిస్తోంది.

దీనికి కారణం మీకు చెప్పాలి. నేలలోంచి రేడాన్ అనే వాయువు సహజంగా వస్తూ ఉంటుంది. దాని నుంచి పుట్టే పదార్థాలు, మేం రేడాన్ పిల్లలు అంటాం, గాలిలోని దుమ్మును పట్టుకుని ఉంటాయి. చాలా రోజులు ఎండ కాసి ఒక్కసారిగా వాన పడితే వాటన్నిటినీ కడిగి నేలకు దించుతుంది. అంకె పెరుగుతుంది. వాన ఆగాక అరగంటకు సగం చొప్పున తగ్గిపోతుంది. అంతకుముందు వారమంతా చినుకు లేదు. ఉద్యోగంలో ఇలాంటిది ఎన్నోసార్లు చూశాను. అయినా ఆ నిమిషాన నాకు ఒక అనుమానం వచ్చింది. ఆ ఉదయం అందరం ఉత్తుత్తి ప్రమాదం వెనక పరిగెడుతున్నాం. నిజంగా ఎక్కడైనా ఏదైనా జరిగి ఉంటే ఎవరు చూశారు? వాన వల్లే అని నాకు తొంభై తొమ్మిది పాళ్లు తెలుసు. మిగతా ఒక్క పాలు కడుపుతో ఉన్న పిల్లకు ఎలా చెప్పాలి?

మా ఆఫీసు నియమం ప్రకారం బయటివాళ్లతో మాట్లాడాల్సింది ప్రచార విభాగం. నేను ఫోన్ వాళ్లకు కలపాలి. వాళ్లు జర్మన్‌లో ఒక వాక్యం చదువుతారు. ఆమె చేతిలో మాత్రల పెట్టె ఉంది.

"చూడమ్మా," అన్నాను. "మ్యాపు అబద్ధం, అది ఖాయం. అంకె పెరగడం నిజం. వాన వల్ల అని నేను అనుకుంటున్నాను. కాని కొలిచి చూస్తే గాని ఖాయంగా చెప్పను. గంటలో నేనే నీకు ఫోన్ చేస్తాను. ఈలోగా నువ్వు కూడా ఒక పని చెయ్. అక్కడ వాన ఆగిందా?"

"ఇప్పుడే ఆగింది."

"అయితే ఆ అంకె చూస్తూ ఉండు. వాన వల్లే అయితే అరగంటలో పెరిగినదాంట్లో సగం తగ్గాలి. తగ్గకపోతే వెంటనే నాకు చెప్పు."

"సరే అక్కా, రాసుకుంట" అంది.

వెంటనే మా కొలతలావిడకు ఫోన్ చేశాను. ఫుట్‌బాల్ గ్రౌండ్లో తెల్ల సూటు వేసుకుని ఉన్నది ఆమే. విన్యాసంలో నిజమైన కొలత పనికిరాదు కదా, అందుకని కవరులో అంకెలు రాసిచ్చారు. ఆమె పరికరం ఎత్తి చూసినట్టు నటించి, కవరులోని అంకె వైర్‌లెస్‌లో చదవాలి.

"ఆ కవరు పక్కన పెట్టి నిజంగా కొలిచి చెప్పు" అన్నాను.

"కవరు చదివింది వాళ్ల కోసం. కొలవడం పొద్దుట్నుంచీ నిజంగానే కొలుస్తున్నా" అంది. "అంకె పెరిగింది. రేడాన్ లాగే ఉంది. కానీ ఏ పదార్థమో విడదీసి చెప్పాలంటే పెద్ద పరికరం దింపాలి. నలభై నిమిషాలు. తొందరపెట్టకు."

బాస్ గదిలోకి వెళ్లేసరికి ప్రచార విభాగం వాళ్లు ప్రకటన సిద్ధం చేసి తెచ్చారు. "రేడియోధార్మికత ఎక్కడా పెరగలేదు" అని ఉంది.

"ఇది తప్పు. పెరిగింది. ప్రతి ఒక్కరి ఫోన్లోనూ కనపడుతోంది" అన్నాను. "ఇది పంపితే మన తర్వాతి మాట ఎవరూ వినరు. మ్యాపు ఊబుంగ్‌ది అని రాద్దాం. అంకె పెరిగింది, వాన వల్ల అనుకుంటున్నాం, కొలుస్తున్నాం, గంటలో చెబుతాం అని రాద్దాం."

"'అనుకుంటున్నాం' అని ప్రభుత్వం ఎలా రాస్తుంది?" అన్నాడు బాస్.

"అనుకుంటున్నాం కాబట్టి."

ఆయన కళ్లజోడు తీశాడు.

"ఇంకొకటి. నేను ఇప్పటికే ఒకావిడకు ఇలాగే చెప్పేశాను" అన్నాను.

"అనుమతి లేకుండా?"

"లేకుండానే. ఆమె మాత్రలు వేసుకోబోతోంది."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. నా ఉద్యోగానికి ఏమవుతుందా అని ఆలోచించేంత తీరిక కూడా నాకు లేదు, గడియారం చూస్తున్నాను.

"గంట అన్నారు. గంటలో ఫలితం రాకపోతే?"

"రాలేదని గంటకు చెబుదాం."

ఆయన ప్రచార విభాగం కాగితం తిప్పి, వెనక నేను చెప్పింది తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. "అనుకుంటున్నాం" అన్న మాట రాసేటప్పుడు కలం కొంచెం ఆగింది. కాని రాశాడు.

నా సీటుకు వచ్చేసరికి ఫోన్లో పదిహేడు మిస్డ్ కాల్స్. పద్దెనిమిదోది ఎత్తాను. ఒక అబ్బాయి, గోదావరి జిల్లా యాస.

"మేడం, ఆ ఫొటో తీసింది నేనేనండి. వీసా పొడిగింపుకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉంటే జిల్లా ఆఫీసుకెళ్లానండి. ఒక గది తలుపుకి మ్యాపు అంటించి ఉందండి. కంగారుపడి తీసి, 'ఇది నిజమా?' అని మన తెలుగు గ్రూపులో అడిగానండి. అడిగానంతేనండి! ఎవరో ఆ ప్రశ్న తీసేసి మ్యాపు ఒక్కటే పంపేశారండి."

"కింద ఊబుంగ్ అని రాసుంది బాబూ."

"కింద టేపుందండి మేడం. గోధుమ రంగు టేపు."

చీమ తలకాయంత అక్షరాల మీద ఎవరో వేలెడు వెడల్పు టేపు వేశారు. అతన్ని అనడానికి నాకు నోరు రాలేదు.

"నన్నిప్పుడు ఏం చెయ్యమంటారండి?" అన్నాడు. ఏడుపు గొంతు.

"నేను చెప్పేది తెలుగులో రాసి అన్ని గ్రూపుల్లో పెట్టు. నీ పేరుతో పెట్టు. ఫొటో నువ్వే తీశావని కూడా రాయి. అప్పుడు నమ్ముతారు."

అతను రాశాడు. నాకు చదివి వినిపించాడు. "ఏ ప్రమాదమూ లేదు, అంతా ఓకే" అని రాయబోతే ఆపాను. ఇంకా కొలుస్తున్నారు అని రాయించాను. "అలా రాస్తే భయపడరాండి?" అన్నాడు. "కాసేపు పడతారు. తర్వాత మన మాట నమ్ముతారు" అన్నాను. ఆ మాట నేను ధైర్యంగానే అన్నాను గాని, కొలత ఫలితం ఇంకా రాలేదు.

ఒంటిగంట పదికి మెసేజ్ వచ్చింది. కరీంనగర్ అమ్మాయి. గ్రాఫు ఫొటో తీసి, దాని మీద వేలితో గీత గీసి పంపింది. కింద ఒక్క మాట: "దిగుతుంది అక్కా." ఇంకో పది నిమిషాలకు ఇంకో ఫొటో. ఇంకా కిందికి దిగింది. తన లెక్క కూడా రాసింది. నా లెక్కకు దగ్గరగానే ఉంది.

ఒంటిగంట ఇరవై ఐదుకి కొలతలావిడ ఫోన్ చేసింది. "రేడాన్ పిల్లలు తప్ప ఇంకేమీ లేదు. అయోడిన్ లేదు, సీజియం లేదు. రెండుసార్లు చూశాను. రాసుకో."

రాసుకున్నాను. బాస్‌కు ఇచ్చాను. తర్వాత గంట నిండేలోపే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తగానే వెనక పిల్లల అరుపులు.

"అక్కా, నేను గ్రౌండ్ కాడికే వచ్చిన. పాపను తీసుకొని వచ్చిన. ఆ తెల్ల సూట్ మేడం టోపీ తీసేసి అందరికీ స్క్రీన్ చూపిస్తున్నది. నాకు ఆమె జర్మన్ మొత్తం సమజ్ కాలే. మా పాప చెప్పింది."

"ఏం చెప్పింది?"

ఫోన్ పాపకు ఇచ్చింది. అయిదేళ్లుంటాయేమో. నా తెలుగు ప్రశ్నకు జర్మన్‌లో జవాబిచ్చింది, అంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు: "డస్ ఇస్ట్ నుర్ రేగెన్!" వట్టి వానే.

కుర్చీలో వెనక్కి వాలి నేను నవ్వాను. అటు వాళ్లమ్మ కూడా నవ్వుతోంది. ఆ నవ్వు మధ్యలో ఏడుపైంది, మళ్లీ నవ్వైంది. మాత్రలు ఎక్కడున్నాయని అడిగాను. "బ్యాగులనే ఉన్నయి అక్కా, ముట్టలే" అంది.

తర్వాతి వారం సమీక్ష సమావేశం. లేచి నిలబడి, ఊబుంగ్ అన్న మాట చిన్నగా పెట్టింది నేనే, పెద్దగా పెట్టమని సలహా ఇచ్చినా వినలేదు, అని చెప్పాను. అనుమతి లేకుండా మాట్లాడినందుకు ఒక లిఖిత హెచ్చరిక వస్తుందని సిద్ధపడ్డాను. వచ్చింది కూడా. రెండు పేరాల ఉత్తరం. బాస్ సంతకం. అదే రోజు ఆయన దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. మనకు ఇంకా తెలియని సమయంలో జనానికి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో ఒక పేజీ రాయండి, వచ్చే విన్యాసంలో అది కూడా సాధన చేద్దాం, అని. రెండు ఉత్తరాలూ ఒకే ఫైల్లో పెట్టుకున్నాను.

కొలతలావిడ "నేను ముందే చెప్పా కదా" అని ఒక్కసారి కూడా అనలేదు. నా మ్యాపు ఒకటి ప్రింటు తీసి, మందపాటి పెన్నుతో దాని మీద ఐమూలగా ఊబుంగ్ అని రాసి నా బల్ల మీద పెట్టి పోయింది. చూశాను. గీతలన్నీ కనపడుతూనే ఉన్నాయి.

ఫొటో తీసిన అబ్బాయి తర్వాత నాలుగు శనివారాలు వచ్చి నాతో కూర్చున్నాడు. ప్రమాదం వస్తే ఏం చేయాలో తెలుగులో ఒక పేజీ తయారుచేశాం. అతని ఆఫీసులోని టర్కీ, అరబ్ మిత్రులు వాళ్ల భాషల్లోకి మార్చారు. మా కార్యాలయం ఆ పేజీలను అంగీకరించడానికి ఎనిమిది నెలలు తీసుకుంది. జర్మనీలో ఉన్న మీకు అది త్వరగానే అయినట్టని తెలుసు. ఆ అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడు. బొద్దుగా, ఆరోగ్యంగా ఉన్నాడు. బారసాలకు పిలిస్తే వెళ్లాను. అక్కడ కనీసం పదిమంది నన్ను పట్టుకుని ప్రోబ్‌ల గురించి అడిగారు. ముగ్గురు వాళ్ల ఊరి ప్రోబ్ ఎక్కడుందో వెళ్లి చూసొచ్చారట.

నా ఉద్యోగంలో ఆఖరి రోజు వాన పడలేదు, మబ్బు పట్టింది. మధ్యాహ్నం కేకు కోసి, పూలగుత్తి చేతికిచ్చారు. నా చోటికి వచ్చిన ఆమె ముప్పై అయిదేళ్ల మనిషి, నాకంటే బాగా లెక్కలు వచ్చినది. నేను బల్ల సొరుగు ఖాళీ చేస్తుండగా ఆమెకు ఒక ఊరి మేయర్ ఫోన్ చేశాడు. వాళ్ల ప్రోబ్‌లో ఏదో తేడాగా ఉందట. అవతలి గొంతు నాకు వినపడుతోంది, కోపంగా ఉంది. ప్రమాదమా కాదా, ఒక్క మాటలో చెప్పమంటున్నాడు.

ఆమె నా వైపు చూడలేదు.

"ఇంకా తెలియదండి" అంది స్థిమితంగా. "ప్రోబే పాడై ఉంటుందని అనుకుంటున్నాను. కొలవడానికి మనిషిని పంపుతున్నాను. మూడున్నరకు నేనే మీకు ఫోన్ చేస్తాను, తెలిసినా తెలియకపోయినా."

నేను కోటు వేసుకున్నాను గాని వెళ్లలేదు. కారిడార్‌లో కుర్చీలో పూలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మూడు ఇరవై ఎనిమిదికి ఆమె ఫోన్ తీసి నంబర్ నొక్కడం అద్దంలోంచి కనిపించింది. అప్పుడు లేచి ఇంటికి బయల్దేరాను.